ఇంటి కంప్యూటర్‌లో వచ్చిపోయే స్టార్టింగ్ సమస్యలు: ఉప్పల్, నాచారం, పీర్జాదిగూడ ప్రాంతం

నిన్నటిదాకా మామూలుగా ఆన్ అయిన ఇంటి కంప్యూటర్ ఒక పొద్దున బటన్ నొక్కితే ఉలకదు పలకదు. మూడోసారో నాలుగోసారో నొక్కితే ఏమీ జరగనట్టే లేచి, రాత్రిదాకా చక్కగా పనిచేస్తుంది. ఇలా వచ్చిపోయే దోషాలనే ఈ వ్యాసంలో స్టార్టింగ్ సమస్యలు అంటున్నాం. పూర్తిగా పాడైన యంత్రాన్ని బాగుచేయడం కంటే వీటిని పట్టుకోవడం కష్టం. షాపుకు మోసుకెళ్తే అక్కడ మొదటిసారికే ఆన్ అవుతుంది. మెకానిక్ అరగంట చూసి, బాగానే ఉందని పంపేస్తాడు. లేదంటే అనుమానం మీద ఒక భాగం మారుస్తాడు. వారం తిరక్కుండా అదే సమస్య మళ్లీ వస్తుంది.

చూడ్డానికి ఇది దైవాధీనంలా ఉన్నా, ఈ రకం దోషం వెనుక దాదాపు ఎప్పుడూ ఒక షరతు ఉంటుంది. చలి, చెమ్మ, తక్కువ వోల్టేజి, ఎంతసేపు ఆఫ్‌లో ఉంది, అంతకుముందు కరెంటు ఎలా పోయింది వంటి వాటిలో ఏదో ఒకటి కుదిరినప్పుడే దోషం బయటపడుతుంది. ఆ షరతేమిటో కనిపెడితే సగానికి పైగా రోగనిర్ధారణ అయినట్టే. యంత్రంతో పాటు అది ఉన్న ఇంటినీ, ఆ వీధి కరెంటునూ, ఆ ఊరి వాతావరణాన్నీ కూడా చూడాల్సి రావడం ఇందుకే.

ప్రాంతం, నేపథ్యం

పీర్జాదిగూడ హైదరాబాద్ తూర్పు అంచున, వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి మీద, ఉప్పల్‌కూ మేడిపల్లికీ నడుమ, మూసీకి ఉత్తరపు వైపున ఉంది. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని ఈ ఊరు 2019లో నగరపాలక సంస్థ అయింది. పొలాలూ తోటలూ ఉన్న చోట రెండు దశాబ్దాల్లో వరసగా కాలనీలు లేచాయి. ఉత్తరాన నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు. పడమర హబ్సిగూడలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉన్నాయి.

మన దేశ కంప్యూటర్ చరిత్రలో ఈ తూర్పు వైపుకు పెద్ద స్థానమే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో, అణుశక్తి శాఖ కింద 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే మనం ఈసీఐఎల్ అని పిలుచుకునే సంస్థ, ఇక్కడ ఏర్పడింది. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) శాస్త్రవేత్తల రూపకల్పనతో వచ్చిన టీడీసీ-12 దేశంలో తయారైన తొలి డిజిటల్ కంప్యూటర్లలో ఒకటి. 1969లో అది పనిచేయడం మొదలుపెట్టింది. దాని తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 ఈసీఐఎల్ నుంచి వెలువడ్డాయి. దగ్గర్లోని ఏ.ఎస్. రావు నగర్‌కు ఆ పేరు సాంబశివరావు మీదుగా వచ్చిందే. ఆ కాలపు కంప్యూటర్‌కు ఏసీ గది, స్టెబిలైజర్, ప్రత్యేకంగా వేసిన ఎర్తింగ్, పక్కనే ఒక ఇంజనీరు ఉండేవారు. ఇప్పుడు అంతకన్నా ఎన్నో రెట్లు శక్తిమంతమైన యంత్రం పడకగది మూలన, టేబుల్ కింద, స్పైక్ బస్టర్‌కు తగిలించి నడుస్తోంది. దానికి చుట్టూ ఉండాల్సిన ఏర్పాటు మాత్రం ఇంట్లో లేదు. స్టార్టింగ్ సమస్యల్లో చాలా వాటికి మూలం ఈ తేడాలోనే ఉంది.

2020లో కరోనా వల్ల బడులు మూతపడి ఆన్‌లైన్ తరగతులు మొదలయ్యాక, మూలన పడేసిన పాత డెస్క్‌టాప్‌లు మళ్లీ బయటికొచ్చాయి. కంపెనీలు వాడి వదిలేసిన సెకండ్‌హ్యాండ్ యంత్రాలు చాలా ఇళ్లకు చేరాయి. ఏళ్ల తరబడి ఆఫ్‌లో ఉన్నవీ, వేరే చోట రోజంతా ఏసీలో నడిచినవీ కొత్త పరిస్థితుల్లోకి వచ్చాయి. ఈ వ్యాసంలో చెప్పే లక్షణాలు ఎక్కువగా కనిపించేది అలాంటి యంత్రాల్లోనే.

బటన్ నొక్కాక జరిగేది

ఏ కంప్యూటర్‌కైనా ఆన్ అయ్యే క్షణమే గడ్డుకాలం. 1946లో అమెరికాలో ప్రజల ముందుకొచ్చిన ఎనియాక్‌లో దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. అవి ఎక్కువగా వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ పోతున్నాయని గమనించి, ఆ యంత్రాన్ని వీలైనంత వరకు ఆపకుండానే ఉంచేవారు. ట్యూబులు పోయి చిప్‌లు వచ్చినా, ఆ సూత్రం మారలేదు.

ఇప్పటి డెస్క్‌టాప్‌లు 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతిని అనుసరిస్తాయి. గోడ స్విచ్ వేయగానే, కరెంటును తక్కువ వోల్టులకు మార్చి భాగాలకు అందించే ఎస్‌ఎంపీఎస్‌లో ఒక చిన్న భాగం మేలుకుని, మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూ ఉంటుంది. ముందున్న బటన్ నొక్కితే బోర్డు ఆ స్టాండ్‌బై బలంతోనే ఎస్‌ఎంపీఎస్‌ను లేపుతుంది. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల లైన్లు పైకి వస్తాయి. అవి నిలకడపడ్డాక, సగం సెకను లోపే, అంతా సరిగా ఉందని ఎస్‌ఎంపీఎస్ ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతం వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది. వచ్చాక ప్రాసెసర్ బయోస్ చిప్ నుంచి మొదటి ఆదేశం చదువుతుంది. తర్వాత ర్యామ్ పరీక్ష, డిస్‌ప్లే, డిస్కు గుర్తింపు, చివరికి విండోస్ లేదా లినక్స్.

ఈ వరసలో యంత్రం ఎక్కడ ఆగిందో చూస్తే వెతకాల్సిన చోటు తెలుస్తుంది. ఏ లైటూ ఫ్యానూ కదలకపోతే కరెంటు, స్విచ్, ఎస్‌ఎంపీఎస్ స్టాండ్‌బై వైపు చూడాలి. ఫ్యాన్లు తిరిగి డిస్‌ప్లే రాకపోతే ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, లేదా మానిటర్ కేబుల్. కంపెనీ లోగో వచ్చి, బూట్ డివైస్ దొరకలేదంటే డిస్కో, బయోస్ బ్యాటరీయో. విండోస్ చుక్కలు తిరుగుతూ రీస్టార్ట్ అయితే డ్రైవర్లు, పాడైన ఫైళ్లు, లేదా లోడు పడగానే కుంగే ఎస్‌ఎంపీఎస్. ‘‘సిస్టమ్ ఆన్ కావట్లేదు’’ అని ఒక్క ముక్కలో చెబితే ఈ నాలుగూ కలగలిసిపోతాయి. ఏ మెట్టు దాకా వచ్చి ఆగిందో మెకానిక్‌కు చెప్పగలిగితే, ఆ ఇంటికి డబ్బూ సమయమూ కలిసొస్తాయి.

కరెంటు

మన ఇళ్లకు రావాల్సింది 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. కొత్తగా పెరిగే కాలనీల్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇళ్లు ఏటేటా ఎక్కువవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఏసీలన్నీ ఒక్కసారి నడుస్తుంటే చివరి స్తంభం మీది ఇళ్లకు వోల్టేజి పడిపోతుంది. బోరు మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో అది మామూలుగా తీసుకునే దానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ట్యూబులైటు ఒక్కసారి తగ్గి వెలిగే ఆ రెప్పపాటులో పక్కింటి కంప్యూటర్ రీస్టార్ట్ అయితే ఆశ్చర్యపడక్కర్లేదు.

ఎస్‌ఎంపీఎస్ లేబుల్‌ను ఒకసారి చదవాలి. ఇన్‌పుట్ 200–240 అని ఉంటే అంతకన్నా తక్కువలో అది లేస్తుందన్న హామీ లేదు. 100–240 అని ఉంటే లో వోల్టేజి దాన్ని అంతగా బాధించదు. ప్లగ్‌లో పెట్టగానే వోల్టేజి చూపించే చిన్న డిజిటల్ మీటర్లు దొరుకుతాయి. అలాంటిది ఒకటి కంప్యూటర్ ఉన్న బోర్డుకే పెట్టి, ఆన్ కాని ప్రతిసారీ అంకె చూసి రాసుకుంటే, అనుమానం తీరడానికి కొద్ది వారాలు చాలు.

కరెంటు పోవడం కన్నా పోయి వెంటనే రావడం ఎక్కువ నష్టం చేస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు వచ్చేచోట ఒక థర్మిస్టర్ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం ఎక్కువ, అందువల్ల మొదటి పోటును అది ఆపుతుంది. నడుస్తూ వేడెక్కాక దాని నిరోధం పడిపోతుంది. వేడిగా ఉండగానే కరెంటు పోయి మరుక్షణం వస్తే, ఆ కొత్త పోటును ఆపే శక్తి దానికి ఉండదు. ఫ్యూజు, డయోడ్లు దెబ్బతినేది అప్పుడే. కరెంటు పోగానే గోడ స్విచ్ ఆపేసి, వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి వేయడం మన పెద్దవాళ్లకు ఫ్రిజ్ విషయంలో ఉన్న అలవాటే. కంప్యూటర్‌కూ అది మేలు చేస్తుంది.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు ఉంటుంది. కరెంటు ఆగాక ఎస్‌ఎంపీఎస్ తనలో నిలవ ఉన్న శక్తితో దాదాపు 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యంగా బ్యాటరీ మీదికి మారితే యంత్రం ఆగిపోతుంది. చాలా ఇన్వర్టర్ల వెనుక యూపీఎస్ మోడ్ అనే చిన్న స్విచ్ ఉంటుంది. కంప్యూటర్ ఆ లైను మీద ఉన్నప్పుడు ఆ స్విచ్ యూపీఎస్ వైపే ఉండాలి. చవక ఇన్వర్టర్లు ఇచ్చే చదరపు తరంగాన్ని యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని ఒప్పుకోవు. పాత కంప్యూటర్ నడిచిన ఇన్వర్టర్ మీద కొత్తది ఆన్ కాకపోవడానికి ఇది సాధారణ కారణం. సైన్‌వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ గొడవ ఉండదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంట్లో కొన్ని లైట్లు మామూలు కంటే ఎక్కువ కాంతితో, కొన్ని మసకగా వెలుగుతుంటే న్యూట్రల్ వైరు వదులైందని అనుమానించాలి. త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న భవనాల్లో న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావాల్సిన చోటికి 400 దాకా రావచ్చు. అప్పుడు కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు మెయిన్ ఆపేయాలి. ఈ ప్రాంతానికి కరెంటు పంపిణీ చేసే దక్షిణ డిస్కంకు ఫిర్యాదు నంబరు 1912.

స్విచ్‌బోర్డులో వదులైన సాకెట్, మసిబారిన స్విచ్, లోపల చీమలు చేరి కాంటాక్టు సరిగా కలవకపోవడం వంటి చిన్న కారణాలు కూడా ఇదే లక్షణం చూపిస్తాయి. ప్లగ్ కదిలిస్తే చిటపటమని శబ్దం వచ్చినా, సాకెట్ ముట్టుకుంటే వెచ్చగా ఉన్నా, కంప్యూటర్ విప్పక ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. స్పైక్ బస్టర్ పక్కనబెట్టి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి చూడటం ఖర్చు లేని మొదటి పరీక్ష.

ఎస్‌ఎంపీఎస్, కెపాసిటర్లు

ఈ ప్రాంతంలో స్టార్టింగ్ సమస్యలకు ఒక్క భాగాన్నే ముందుగా అనుమానించాలంటే అది ఎస్‌ఎంపీఎస్‌లోనూ, మదర్‌బోర్డు మీదా ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. దాని లోపల ద్రవం ఉంటుంది. చుట్టూ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది. మే నెలలో బయట 42 డిగ్రీలు, పై అంతస్తు స్లాబు కింద గది అంతకు తగ్గట్టే వేడి, గోడకు ఆనించిన కేబినెట్ లోపల ఇంకో పది పదిహేను డిగ్రీలు. కెపాసిటర్ మెల్లగా ఎండిపోతుంది. ఎండిన కెపాసిటర్ లోపలి నిరోధం చలిలో ఇంకా పెరుగుతుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీలకు దిగినప్పుడు స్టాండ్‌బై లైన్ బోర్డును లేపలేదు. నాలుగైదుసార్లు బటన్ నొక్కేసరికి కాస్త వెచ్చబడి లేస్తుంది. ఇక ఆ రోజంతా రీస్టార్ట్ ఎన్నిసార్లు చేసినా సమస్య ఉండదు. ఎండాకాలం చేసిన నష్టం చలికాలంలో బయటపడుతుంది కాబట్టి, చాలామంది దాన్ని చలికి వచ్చిన జబ్బనే అనుకుంటారు.

‘పొద్దున మొదటిసారి మాత్రమే’ అన్న షరతు కనిపిస్తే ఈ కెపాసిటర్లనే తలచుకోవాలి. బోర్డు మీద డబ్బాల్లా నిలబడి ఉండే వాటి పైమూత ఉబ్బిందా, గోధుమరంగు జిగురు కారిందా అన్నది టార్చిలైటుతో చూస్తే తెలుస్తుంది. 1999 నుంచి 2007 దాకా తయారైన యంత్రాల్లో నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతా ఈ రకంగానే ఉబ్బిపోయాయి. ఇప్పటి మంచి బోర్డుల మీద ద్రవం లేని ఘన కెపాసిటర్లు వాడుతున్నారు. చవక ఎస్‌ఎంపీఎస్‌లలో పాత రకమే కొనసాగుతోంది. డబ్బా మీద 450 వాట్లని అచ్చువేసిన ప్రతి ఎస్‌ఎంపీఎస్ నిజంగా అంత ఇవ్వదు. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉండటం, 12 వోల్టుల లైనుకు ఎన్ని ఆంపియర్లో లేబుల్ మీద రాయకపోవడం అనుమానించాల్సిన గుర్తులు. కంప్యూటర్ కొనేటప్పుడు ప్రాసెసర్ మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టాలి.

ఎస్‌ఎంపీఎస్‌ను ఇంట్లో విప్పకూడదు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. అది ప్రాణం తీయగలదు.

ఎర్తింగ్

కేబినెట్‌కు చెయ్యి తగిలితే జిల్లుమంటోందని చెప్పే ఇళ్లు తక్కువేమీ లేవు. ఎస్‌ఎంపీఎస్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు కేబినెట్‌కూ కరెంటు లైన్లకూ నడుమ ఉంటాయి. మూడో పిన్ను నిజంగా భూమికి చేరకపోతే కేబినెట్ సగం వోల్టేజి దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువే, జిల్లుమనడంతో సరిపోతుంది. కానీ యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ, ఇంటర్నెట్ కేబుళ్లు పెట్టే క్షణంలో ఆ తేడా పోర్టుల గుండా పారుతుంది. దెబ్బతిన్న యూఎస్‌బీ పోర్టు ఒకటి చాలు, ఆన్ చేయగానే బోర్డు తనను తాను కాపాడుకుంటూ ఆగిపోవడానికి. అందుకే అన్ని యూఎస్‌బీ పరికరాలూ తీసేసి ఆన్ చేసి చూడటం తప్పనిసరి పరీక్షల్లో ఒకటి.

హైదరాబాద్ నేల గ్రానైటు. ఉప్పల్, నాగోలు చుట్టూ పునాది తవ్వితే బండే తగులుతుంది. ఇలాంటి గట్టి రాతి నేలలో కరెంటు తేలిగ్గా పారదు. రాతి పొరల ఈ విద్యుత్ నిరోధాన్నే కొలిచి నీళ్లు ఎక్కడున్నాయో చెప్పే పద్ధతిలో ఉప్పల్ రోడ్డులోని భూభౌతిక పరిశోధన సంస్థ దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఇంటి ఎర్తింగ్‌కు అదే నిరోధం శత్రువు. ఉప్పు, బొగ్గు వేసి కట్టిన గుంత వానాకాలంలో బాగా పనిచేసి, మార్చి వచ్చేసరికి ఎండిపోతుంది. వేసవిలో వారానికి రెండుసార్లు ఆ గుంతలో బకెట్ నీళ్లు పోయమని పాత ఎలక్ట్రీషియన్లు చెప్పేది ఇందుకే. ఇల్లు కట్టాక ఆ గుంత మీద టైల్సు పరిచేసిన చోట్ల ముందు దాన్ని వెతికి పట్టుకోవాలి.

దుమ్ము, చెమ్మ

ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్లకు పైగా సాగే ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. అనుకున్న గడువు దాటి పనులు ఏళ్లకేళ్లు సాగడంతో పీర్జాదిగూడ, బోడుప్పల్, మేడిపల్లి రోడ్డు పక్క ఇళ్లు, దుకాణాలు సిమెంటు, మట్టి కలిసిన దుమ్ముతో బతకాల్సి వచ్చింది. కంప్యూటర్ ఫ్యాన్ గదిలోని దుమ్మును లోపలికి లాగి హీట్‌సింకు రెక్కల నడుమ నింపుతుంది. పొడిగా ఉన్నంతకాలం అది వేడిని మాత్రమే పెంచుతుంది. జూన్‌లో వాన పడ్డాక అదే దుమ్ము తేమ పీల్చుకుని, కాంటాక్టుల నడుమ సన్నని కరెంటు దారులు ఏర్పరుస్తుంది. వానాకాలంలో ఉదయం ఆన్ కాక, మధ్యాహ్నం ఎండ వచ్చాక ఆన్ అయ్యే యంత్రాల్లో చూడాల్సింది ఇదే.

2020 అక్టోబరు 13న హైదరాబాద్ తూర్పు వైపు కురిసిన కుండపోత ఇక్కడివాళ్లు మరచిపోలేరు. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైంది. కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. నేల మీద పెట్టిన కేబినెట్లు తడిసి, ఎండబెట్టాక కొన్ని పనిచేశాయి. అలా బతికిన బోర్డుల్లో కనెక్టర్ల అడుగున మిగిలిపోయిన బురద నెలల తర్వాత తుప్పుగా మారి, స్టార్టింగ్ సమస్యగా బయటపడటం సహజం. తడిసిన యంత్రానికి వెంటనే కరెంటు ఇవ్వకూడదు. మురుగు నీటిలో మునిగిన బోర్డును ఎండబెడితే సరిపోదు, శుభ్రమైన ఆల్కహాల్‌తో కడిగించాలి.

మురుగు పారే చోట్ల వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగినీ వెండినీ నల్లబరుస్తుంది. మూసీకీ, నాలాలకూ దగ్గరి ఇళ్లలో ర్యామ్ స్లాట్ల చుట్టూ, కనెక్టర్ల దగ్గర నల్లటి పూత కనిపిస్తే దాన్ని దుమ్మని తుడిచి వదిలేయకూడదు. కేబినెట్‌ను నేల మీద నుంచి అడుగు ఎత్తులో పెట్టడం, ఆరు నెలలకోసారి బ్లోయర్‌తో ఊదించడం, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవడం పెద్ద ఖర్చు లేని జాగ్రత్తలు. ఎస్‌ఎంపీఎస్ వెనుక కన్నాల్లోంచి బొద్దింకలూ, అప్పుడప్పుడూ బల్లీ దూరడం మన ఇళ్లలో మామూలే. బల్లి వల్ల షార్ట్ అయిన ఎస్‌ఎంపీఎస్‌ను రిపేరు చేయించడం కంటే మార్చడమే మేలు.

బోర్డు మీది చిన్న బ్యాటరీ

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్ 2032 బ్యాటరీ ఉంటుంది, 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. గోడ స్విచ్ ఎప్పుడూ వేసి ఉంచే దేశాల్లో స్టాండ్‌బై కరెంటు దాని బరువును మోస్తుంది కాబట్టి అది చాలా ఏళ్లు వస్తుంది. మన ఇళ్లలో రాత్రి పడుకునే ముందు బోర్డు స్విచ్ ఆపేయడం అలవాటు, మంచి అలవాటు కూడా. దానివల్ల బ్యాటరీ మీద భారం పెరిగి తొందరగా నీరసిస్తుంది.

దీని లక్షణాలు తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. ఆన్ చేయగానే తేదీ కొన్నేళ్లు వెనక్కి పోయి ఉంటుంది. తేదీ తప్పడంతో బ్రౌజర్ ప్రతి సైటునూ సురక్షితం కాదంటుంది. బయోస్ సెట్టింగులు మొదటికి పోయి, డిస్కు మోడ్ మారి, విండోస్ దొరకలేదంటుంది. చాలా చోట్ల ఈ దశలో ఓఎస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి అన్న మాట వినిపిస్తుంది. కొద్దిపాటి ఖర్చుతో పోయే దానికి కుటుంబం ఫొటోలు పోగొట్టుకోవడం బాధాకరం. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బయోస్ మారితే బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. యంత్రం బాగున్నప్పుడే దాన్ని కాగితం మీద రాసి దాచుకోవాలి.

ర్యామ్, డిస్కు

ఫ్యాన్లు తిరిగి డిస్‌ప్లే రాకపోతే ముందు చూడాల్సింది ర్యామ్. వేడెక్కడం, చల్లారడం వల్ల ర్యామ్ కాంటాక్టులు సూక్ష్మంగా కదులుతూ అరుగుతాయి. తీసి, కాంటాక్టులు తుడిచి, రెండు వైపులా టక్కుమనేలా నొక్కి పెడితే చాలాసార్లు సరిపోతుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన మెకానిక్‌ల పాత పద్ధతి. పనిచేస్తుంది గాని, బంగారు పూత పల్చటిది, మాటిమాటికి రుద్దితే పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం దానికన్నా మంచిది. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సర్దుబాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉంటాయి. కంగారుపడి మధ్యలో ఆపకూడదు.

పాత హార్డ్‌డిస్క్ మొదట తిరగడానికి 12 వోల్టుల లైన్ మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. నీరసించిన ఎస్‌ఎంపీఎస్ ఆ క్షణంలో కుంగుతుంది. మొదటిసారి డిస్కు దొరకలేదని, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి రీస్టార్ట్ చేస్తే దొరికిందంటే, అప్పటికే డిస్కు తిరుగుతూ ఉందని అర్థం. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ పట్టికలో రీఎలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు పెరుగుతుంటే డిస్కు మార్చాలి. సీఆర్‌సీ లోపాలు మాత్రమే పెరుగుతుంటే చాలావరకు డిస్కు తప్పు కాదు, కేబుల్ మారిస్తే చాలు. ఏది ఎలా ఉన్నా, అనుమానం వచ్చిన రోజే ముఖ్యమైన ఫైళ్లు వేరే చోటికి కాపీ చేయాలి. మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతే.

సాఫ్ట్‌వేర్ వైపు

2012లో వచ్చిన విండోస్ 8 నుంచి షట్‌డౌన్ నొక్కితే యంత్రం పూర్తిగా ఆరిపోవడం లేదు. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు విండోస్ కేంద్ర భాగాన్నీ డ్రైవర్లనూ ఉన్నవి ఉన్నట్టు డిస్కులో దాచి, మర్నాడు అవే తెరుస్తుంది. ఒక డ్రైవర్ చిక్కుబడి ఉంటే ఆ చిక్కు కూడా మర్నాటికి వస్తుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా కొత్తగా మొదలవుతుంది. షట్‌డౌన్ చేసి వేస్తే సమస్య, రీస్టార్ట్‌కు లేదు అంటే పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి కొన్నాళ్లు చూడాలి. ఇవే లక్షణాలు ఎండిన కెపాసిటర్‌కూ ఉంటాయి గనుక, రెంటినీ విడదీయడానికి ఇది మంచి పరీక్ష.

ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అన్న నమోదు చూసి చాలామంది బెదిరిపోతారు. యంత్రం సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం. కారణాన్ని అది చెప్పదు. తేదీ, సమయం మాత్రం ఖచ్చితంగా చెబుతుంది. ఆ సమయంలో వీధిలో కరెంటు పోయిందేమో సరిచూసుకోవచ్చు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఫైళ్లు పాడైతే సిస్టమ్ ఫైల్ చెకర్, స్టార్టప్ రిపేర్ చాలావరకు సరిచేస్తాయి. ఫార్మాట్ అన్నిటికన్నా చివర రావాలి.

పట్టుకునే పద్ధతి

కంప్యూటర్ పక్కన ఒక నోటుబుక్కు ఉండాలి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం, ఎంతసేపు ఆఫ్‌లో ఉంది, వోల్టేజి ఎంత, వాన ఉందా, ఏ మెట్టు దగ్గర ఆగింది, ఏం చేస్తే లేచింది అన్నవి ఒక్క వరుసలో రాయాలి. ఆన్ అయిన రోజులు కూడా రాయడం ముఖ్యం. దోషం వచ్చిన రోజులు మాత్రమే రాస్తే పోల్చడానికి ఏమీ ఉండదు. ఒకసారి ఒక్కటే మార్చాలి. ఎస్‌ఎంపీఎస్, ర్యామ్, బ్యాటరీ ఒకే రోజు మారిస్తే సమస్య పోవచ్చు గాని, దేనివల్ల పోయిందో తెలియదు. బాగున్న భాగానికి కూడా డబ్బు కట్టినట్టవుతుంది.

బాగైందని ఎప్పుడు నమ్మాలన్నదానికి లెక్క ఉంది. సమస్య ఐదు ఉదయాల్లో ఒక ఉదయం వస్తోందనుకుందాం. ఏమీ బాగుచేయకపోయినా, వరుసగా మూడు ఉదయాలు మంచిగా ఆన్ అయ్యే అవకాశం 51 శాతం. పది ఉదయాలు గడిచినా ఇంకా 11 శాతం. పద్నాలుగు ఉదయాలు దాటితేనే అది 5 శాతం కిందికి దిగుతుంది. ఎన్నింట్లో ఒకసారి దోషం వస్తోందో ఆ సంఖ్యకు మూడు రెట్లు వరుసగా ఆన్ అయితే, మార్పు పనిచేసిందని ధైర్యంగా అనుకోవచ్చు. షాపులో మూడుసార్లు ఆన్ చేసి బాగుందనే మెకానిక్ అబద్ధం ఆడటం లేదు. అతను చూసిన మూడుసార్లూ నిజంగానే ఆన్ అయ్యింది. పైగా అతని బల్ల దగ్గర వోల్టేజి వేరు, ఎర్తింగ్ వేరు, ఆటోలో వచ్చిన కుదుపుకు ర్యామ్ సర్దుకుని ఉండొచ్చు, మధ్యాహ్నానికి యంత్రమూ వెచ్చబడి ఉంటుంది.

అందుకే ఈ రకం సమస్యకు ఇంటికొచ్చి చూసే మెకానిక్ మేలు. పనిచేసే ఎస్‌ఎంపీఎస్ ఒకటి, ర్యామ్ ఒకటి సంచిలో తెచ్చి, ఉదయం చల్లగా ఉన్నప్పుడు పెట్టి చూడగలిగితే గంటలో తేలే అవకాశం ఉంది. షాపుకే ఇవ్వాల్సి వస్తే, రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి పొద్దున మొదటి స్టార్ట్ చూడమని అడగాలి, నోటుబుక్కు పేజీ ఫొటో ఇవ్వాలి. భాగాలు కొనాలంటే ఉప్పల్ రింగురోడ్డు చుట్టుపక్కల దుకాణాల నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా ఉన్నాయి. జంటనగరాల్లో కంప్యూటర్ సామాను అనగానే అందరి నోటా వచ్చే సీటీసీ అదే. బిల్లు తీసుకోవాలి. చాలా ర్యామ్‌లకూ, మంచి ఎస్‌ఎంపీఎస్‌లకూ ఏళ్ల వారంటీ ఉంటుంది, బిల్లు లేకపోతే దాన్ని వాడుకోవడం కష్టం.

మార్చి తీసేసిన భాగాలు

పాత ఎస్‌ఎంపీఎస్, ఉబ్బిన కెపాసిటర్ల బోర్డు, అయిపోయిన బ్యాటరీ చెత్తబండిలో వేయకూడదు. పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. 2022లో కేంద్రం తెచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులది, ఆ పని చేయాల్సింది నమోదైన సంస్థలు. సర్క్యూట్ బోర్డుల నుంచి రాగి, బంగారం వంటి లోహాలను హాని లేకుండా వేరుచేసే పద్ధతుల మీద చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ ప్రయోగశాల పరిశోధన చేస్తోంది. అది నాచారం నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు పాతది తీసుకుంటారా, తీసుకున్నాక ఎవరికి ఇస్తారు అని దుకాణదారును అడగడం కొనేవారి హక్కు.